తెలిసిన ఈత, తెలియని లోతు

రెండేళ్ళ క్రితం డిసెంబరులో మా అక్క కుమారుడు జిద్దా నుంచి సెలవుపై వచ్చాడు. వచ్చిన రోజు రాత్రి భోజనాలైన తరువాత అందరినీ కూర్చోబెట్టి ఫోనులో ఫోటోలు చూపించాడు. ఎర్రసముద్రపు అడుగున పగడపు దిబ్బలు, వాటి మధ్య రంగురంగుల చేపలు, వీపున గాలి సిలిండరుతో, ముఖాన అద్దంతో మా అబ్బాయి. అక్క ఒక్కొక్క ఫోటోకూ ‘మాషా అల్లాహ్’ అంటోంది. ఒభుర్ తీరంలో స్నేహితులతో కలిసి వెళ్ళాడట. అరగంటసేపు శిక్షణ ఇచ్చి నీటిలోకి దించారట. అది అతని మొదటి మునక. అప్పటికి అదే చివరిది కూడా.

మరునాడు నా దగ్గరకు వచ్చి, “మామూ, సోమశిల దగ్గర నీళ్ళ కింద పాత ఊళ్ళు ఉన్నాయంటారు కదా, నేను దిగి చూసి వస్తాను. హైదరాబాదులో తెలిసినవాళ్ళ దగ్గర సిలిండరు అద్దెకు దొరుకుతుంది” అన్నాడు.

నేను వద్దనలేదు. ఆ మాట ఈరోజు రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది. సముద్రంలో దిగినవాడికి చెరువులాంటి నీళ్ళు ఏపాటివి అనుకున్నాను. పైగా నాకూ ఆ ఊళ్ళ మీద మమకారం ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో గ్రామాలు నీట మునిగాయి. ఇళ్ళు, బావులు, తోటలతోపాటు తరతరాల సమాధులు కూడా ఆ నీటి కిందికి పోయాయి. కొల్లాపురం ప్రాంతంలో మా బంధువుల పెద్దలు కొందరు ఇప్పటికీ దూరంగా నీటివైపు చేయి చాపి, మా ఇల్లు అక్కడ అని చూపిస్తారు.

సోమశిల వెళ్ళి ఒక పడవ మాట్లాడబోయాము. పడవతను నడివయసు దాటిన జాలరి. మా అబ్బాయి చెప్పింది ఓపికగా విన్నాడు. “సారూ, ఈ నీళ్ళల్ల కండ్లు పని చెయ్యవు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. కింద తెగిన వలలుంటయి, తుమ్మచెట్లుంటయి. నేను పడవ కట్టను” అన్నాడు. డబ్బు ఎక్కువ ఇస్తామంటే నవ్వాడు. “ఎండకాలం రండి. నీళ్ళు ఎనకకు పోతె ఆ గోడలే బయటికొస్తయి. నడుచుకుంట పోయి చూడొచ్చు.”

అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడలేదు. ఈత అంటే అతనికి చిన్నప్పటినుంచీ భయం లేదు. ఎందుకుంటుంది? నేర్పినవాణ్ణి నేనే.

మా ప్రాంతంలో మా తరం వాళ్ళందరూ ఈత నేర్చుకున్నది మోటబావుల్లోనే. నడుముకు బెండ్లు కట్టేవారు, లేదంటే ఎండిన ఆనపకాయ బుర్ర. పైనుంచి చిన్నమామయ్యో పెద్దన్నయ్యో తోసేవాడు. మెట్ల మీద ఇంకొకడు కాచుకుని ఉండేవాడు. వారం తిరిగేసరికి ఒక బెండు తగ్గేది. నెలలోపు దరి మీదనుంచి దూకడం వచ్చేది. వచ్చిన రోజునుంచి మేము గజ ఈతగాళ్ళమే! ఆ బావి నాలుగు పక్కలా గోడలే. ఎటు చేయి చాపినా పది బారల్లో రాయి తగులుతుంది. నీరు కదలదు. మాకు వచ్చిన ఈత ఆ నాలుగు గోడల ఈత. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

బావి దాటి వస్తే చెరువు. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువులను సప్త సముద్రాలని పిలుస్తారు. ఒకప్పుడు అలాంటి చెరువుల అడుగు తాంబాళంలా మెల్లగా వాలుతూ పోయేది. మోకాలు, నడుము, ఛాతీ అని లోతు ముందే చెప్పి వచ్చేది. ఇప్పుడు మట్టి కోసం పొక్లెయినర్లు తవ్విన గుంతలు ఎన్నో చెరువుల్లో ఉన్నాయి. మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్న పిల్లవాడు మరుసటి అడుగులో తల మునిగే గుంతలో ఉంటాడు. ఎత్తిపోతల పథకాల కాలువలది మరో తీరు. సిమెంటు పూసిన ఏటవాలు గట్లమీద నాచు పడుతుంది. ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కిరాలేడు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక కృష్ణానది. గద్వాలకు, వనపర్తి జిల్లాకు నడుమ జూరాల ప్రాజెక్టు ఉంది. అరవైకి పైగా గేట్లున్న ఆనకట్ట. ఎగువన ఎక్కడో కర్ణాటకలో, మహారాష్ట్రలో వాన కురిస్తే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు గేట్లు ఎత్తుతారు. పొద్దున రాతి గుండ్లమీద నడుచుకుంటూ దాటిన పాయ మధ్యాహ్నానికి మనిషిని నిలవనివ్వదు. నీరు తక్కువగా ఉన్న రోజుల్లో కూడా బండల మధ్య మడుగులుంటాయి. పైన అద్దంలా కనిపిస్తాయి. ఎంత లోతో ఆ రేవులో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

2023 జూన్ మొదటి వారంలో జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాల మండలంలో ఏమి జరిగిందో చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బంధువులందరూ కలిసి వేసవి ఎండకు కృష్ణానదిలో స్నానానికి వెళ్ళారు. మన సమాజానికి చెందిన కుటుంబాలే. వారిలో నలుగురు పిల్లలు తిరిగి రాలేదు. ఆ పిల్లలు సాహసం చేయడానికి వెళ్ళినవారు కారు. బంధువులందరూ ఒకచోట చేరిన సంతోషంలో నీటిలోకి దిగినవారు. వారి పేర్లు ఇక్కడ రాయవలసిన అవసరం లేదు. అల్లాహ్ వారి తల్లిదండ్రులకు సహనం ప్రసాదించుగాక.

నీట మునిగి మరణించినవారు షహీదులలో చేరతారని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలిపారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లికి అంతకు మించిన ఊరట లేదు. జనాజా నాడు ఆ హదీసును పెద్దలు గుర్తు చేయడం సబబే. అయితే అదే మాటను కొందరు మరో చోట వాడటం విన్నాను. ‘రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతారు’ అంటూ పిల్లలను నదిలోకి తోలే ధీమా అది. ఆ హదీసు బాధితుల కోసం చెప్పబడింది, బాధ్యులకు సాకుగా చెప్పబడలేదు. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త (సఅసం) అనుచరులం మనం. ఒంటెనే కట్టమన్నప్పుడు పిల్లవాడి సంగతి చెప్పాలా?

సోమశిల నుంచి వచ్చిన తరువాత, మా అబ్బాయిని ఒప్పించడానికి నాకు కొంత చదువు అవసరమైంది. డైవింగ్ గురించి దొరికినదంతా చదివాను. ఎక్కువ భాగం మామూలు లెక్కలే.

నీటిలో ప్రతి 10 మీటర్లకూ పైనున్న గాలి బరువుకు సమానమైన మరో ఒత్తిడి కలుస్తుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, 20 మీటర్ల వద్ద మూడింతలు, 30 మీటర్ల వద్ద నాలుగింతలు. ఆ ఒత్తిడికి సరిసమానంగా గాలిని అందించడమే సిలిండరుకు బిగించిన పరికరం చేసే పని. కాబట్టి 30 మీటర్ల వద్ద ఒక్కొక్క శ్వాసకు ఒడ్డున పీల్చేదానికి నాలుగింతల గాలి ఖర్చవుతుంది. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపితే సుమారు 2400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది రెండు గంటలు వస్తుంది. 30 మీటర్ల లోతున అరగంట. అందులో నాలుగో వంతు ఆపదకని మిగుల్చుకోవాలి. ఇది ప్రశాంతంగా ఉన్న మనిషి లెక్క. కాలికి వల చుట్టుకుని బెదిరిపోయినవాడు రెండు మూడు రెట్ల వేగంతో పీలుస్తాడు. అప్పుడు ఎన్ని నిమిషాలు మిగులుతాయో అబ్బాయినే లెక్కవేయమన్నాను. కాగితం తీసుకున్నాడు, ఏడెనిమిది అని రాశాడు.

గాలి అయిపోతుంటే పైకి వచ్చేయవచ్చు కదా అన్నాడు. అక్కడే అసలు ప్రమాదం ఉంది. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. భయంతో ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొచ్చినవాడి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ఇందుకు ఎంతో లోతు అక్కరలేదు, రెండు మూడు మీటర్లు చాలు. బావిలో మనం నేర్చుకున్న మొదటి పాఠం ఊపిరి బిగబట్టడం. సిలిండరుతో దిగినవాడు మొదట మరచిపోవలసిన పాఠం కూడా అదే. ఏ స్థితిలోనూ శ్వాస ఆపరాదు. పైకి నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో రావాలి. లేకుంటే లోతున రక్తంలో, కండరాలలో కరిగిన నత్రజని సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. దానికి చికిత్స చేసే ఒత్తిడి గదులు నౌకాదళ స్థావరాల్లో, కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో మాత్రమే ఉంటాయి. సోమశిలలో పడవ దిగి ఎక్కడికి పరుగెత్తాలి?

30 మీటర్లు దాటితే నత్రజని మెదడుపై మత్తులా పనిచేస్తుంది. మత్తు ఎక్కినవాడికి తాను మత్తులో ఉన్నానని తెలియదు, అంతా బాగానే ఉన్నదనిపిస్తుంది. అందుకే శిక్షణ సంస్థలు మెట్లు కట్టాయి. రుచి చూపే తొలి మునక 12 మీటర్లు దాటరాదు. మొదటి కోర్సు పూర్తిచేసినవారికి 18 మీటర్లు, ఆపై కోర్సుతో 30. సరదా కోసం దిగేవారికి అంతిమ హద్దు 40. ఇంకొక నియమం గల్ఫ్‌లో ఉండే మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. సెలవు ఆఖరి రోజు పొద్దున సముద్రంలో దిగి సాయంత్రం ఊరికి విమానం ఎక్కేవాళ్ళున్నారని మా అబ్బాయే చెప్పాడు.

ఎర్రసముద్రంలో అతను చేసింది మునక కాదని అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. శిక్షకుడు ఒక చేత్తో అతని సిలిండరు పట్టుకున్నాడు. తేలే చొక్కాలోకి గాలి నింపింది, తీసింది శిక్షకుడే. నడుముకు ఎంత బరువు కట్టాలో నిర్ణయించింది, గాలి ఎంత మిగిలిందో చూసింది అతనే. బండి వెనుక కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కినవాడు బండి నడపడం వచ్చిందనుకున్నట్టే. పైగా ఉప్పునీటిలో కట్టిన బరువు మంచినీటిలో ఎక్కువవుతుంది, మనిషిని అడుగుకు లాగుతుంది. ఆ సంగతి కూడా అతనికి తెలియదు.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) నడయాడిన సినాయ్ ద్వీపకల్పంలో, ఎర్రసముద్రపు మరో ఒడ్డున, దహబ్ అనే ఊరు ఉంది. అక్కడ తీరాన్ని ఆనుకునే నీలిరంగు బావిలాంటి లోతైన గుండం ఒకటుంది. సుమారు 55 మీటర్ల లోతున దాని గోడలో కమానులాంటి దారి ఉండి బయటి సముద్రంలోకి తెరుచుకుంటుంది. అటునుంచి వచ్చే వెలుగువల్ల దారి ఎంతో దగ్గరగా, పొట్టిగా అనిపిస్తుంది. నిజానికి అది దాదాపు 26 మీటర్ల పొడవు. మామూలు సిలిండరుతో దానిని దాటబోయి ఎందరో మరణించారు. ఒడ్డునున్న కొండరాతిపై వారి పేర్ల ఫలకాలు బిగించి ఉంటాయి. 2000 ఏప్రిల్‌లో అక్కడ మరణించిన ఒక యువకుడు స్వయంగా డైవింగ్ శిక్షకుడు. నేర్పేవాడికి కూడా ఒక హద్దు ఉంటుంది.

గల్ఫ్ తీరపు అరబ్బులకు ఈ సంగతి వందల ఏళ్ళ క్రితమే తెలుసు. చమురు బయటపడకముందు వారి జీవనం ముత్యాలమీద నడిచేది. ముత్యాల కోసం మునిగేవాడు గవ్వాస్. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఆధీనంలో పనిచేసినవారి గురించి చెప్పేటప్పుడు దివ్య ఖుర్‌ఆన్ ఉపయోగించినదీ ఇదే పదం. గవ్వాస్ కాలికి రాయి కట్టుకుని అడుగుకు దిగేవాడు. పడవమీద అతని తాడు పట్టుకుని నిలబడే మనిషి పేరు సైబ్. కింద నుంచి తాడు కదిలిందంటే సైబ్ లాగాలి, కన్ను పక్కకు తిప్పరాదు. పిల్లలు పడవ ఎక్కితే ఏళ్ళ తరబడి చిల్లర పనులు చేస్తూ, చూస్తూ నేర్చుకునేవారు. పడవపై చివరిమాట నాఖుదాది. ఈ కట్టుబాట్లన్నీ ఉన్నా ఆ వృత్తిలో ప్రాణాలు పోయేవి. మనవాళ్ళు ఆదివారం పూట ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా కృష్ణలోకి దిగుతున్నారు.

నిపుణులు ఎలా ఉంటారో తెలుగువారందరం ఒకసారి కళ్ళారా చూశాము. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ట బోటు మునిగింది. అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. కచ్చులూరు గ్రామస్థులు తమ పడవల్లో వెళ్ళి 26 మందిని బయటికి తీశారు. బోటు రెండు వందల అడుగులకు పైగా లోతున, సుడిగుండాల నీటిలో పడి ఉంది. నౌకాదళ డైవర్లు, జాతీయ విపత్తు దళం వచ్చారు. అయినా బోటు దగ్గరకు చేరడం సాధ్యపడలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో ప్రయత్నించింది. తాళ్ళు తెగాయి. వరద పెరిగితే పని ఆపేశారు. ఒడ్డున ఆప్తుల కోసం ఏడుస్తున్నవాళ్ళున్నారు, కెమెరాలున్నాయి, ఒత్తిడి ఎంతో ఉంది. అయినా నీరు తగ్గేదాకా ఆగారు. అక్టోబరు మధ్యలో మళ్ళీ మొదలుపెట్టి, విశాఖ నుంచి డైవర్లను రప్పించి, 22వ తేదీన బోటును ఒడ్డుకు లాగారు. బోటు మునిగిన 38వ రోజున. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని ‘ఇంతమంది ఉండి ఏం చేస్తున్నారు’ అని విసుక్కున్నవారిలో నేనూ ఉన్నాను.

సోమశిల నీటికి ఇంతకంటే పాత గాయం ఉంది. 2007 జనవరిలో కొల్లాపురం మండలం మంచాలకట్ట వద్ద పడవ మునిగి దాదాపు అరవై మంది మరణించారు. ఆ ఒడ్డున పుట్టిన జాలరి మా అబ్బాయికి పడవ కట్టనన్నాడంటే అది పిరికితనం కాదు.

మన ఇళ్ళకు సంబంధించిన మరొక విషయం చెప్పాలి. ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్టుగా ప్రసిద్ధమైన మాటను మన ప్రసంగాల్లో తరచు వింటాము. విని కొడుకులను బావికి పంపుతాము. ఆడపిల్లల సంగతి? వారికి బావి లేదు, కొలను లేదు. పెళ్ళిళ్ళకు, విహారాలకు నది ఒడ్డుకు మాత్రం తీసుకెళ్తాము. ఒంటినిండా బట్టలతో, దుపట్టాతో నీటిలో నిలబడ్డ పిల్ల కాలు జారితే తడిసిన ఆ బట్టల బరువే ఆమెకు శత్రువు. పరదా వదలమని నేను అనడం లేదు. జిల్లా కేంద్రాల్లో ఈత కొలను ఉన్నచోట వారానికి రెండు గంటలు స్త్రీలకు ప్రత్యేకించమని, శిక్షకురాలిని పెట్టమని మన పెద్దలు ఎన్నిసార్లు అడిగారు? షాదీఖానా కోసం తిరిగినన్నిసార్లు ఎందుకు తిరగలేదు? మా అక్క ఈ మాట నన్ను ముఖంమీదే అడిగింది. జవాబు నా దగ్గర లేదు.

మునుగుతున్నవారిని చూసి ఈత సరిగా రానివారు దూకరాదు. మునిగేవాడు చేతికి అందినదాన్ని కిందికి తొక్కి తాను పైకి రావాలని చూస్తాడు, అది తల్లి తలైనా సరే. ఒకరి కోసం దిగి ముగ్గురు నలుగురు పోయే ఘటనలు ఇలాగే జరుగుతాయి. ఒడ్డున పడుకుని కర్ర చాపాలి. తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా, ఏది ఉంటే అది విసరాలి. రెండు మూడు దుపట్టాలు ముడివేస్తే మంచి తాడవుతుంది. బయటికి తీసినవారిని తలకిందులుగా పట్టి తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. శ్వాస లేకుంటే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదాలి. ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపరాదు. మహిళల ఇజ్తిమాలో ఒక గంట దీనికి కేటాయిస్తే బాగుంటుంది.

మా అబ్బాయి జిద్దాకు తిరిగి వెళ్ళాక అక్కడే మొదటి కోర్సులో చేరాడు. నాలుగు మీటర్ల లోతున ముఖపు అద్దం తీసేసి, మళ్ళీ పెట్టుకుని, లోపలి నీటిని ముక్కుతో ఊది బయటికి పంపే అభ్యాసం ఉంటుందట. మొదటిసారి భయపడి పైకి వచ్చేశానని ఫోనులో చెప్పాడు. ఆ మాట చెప్పడానికి అతనికి రెండు వారాలు పట్టింది.

పోయిన మే నెలలో చెల్లెలి నికాహ్‌కు వచ్చాడు. వలీమా అయిన మూడో రోజు అందరం సోమశిల వెళ్ళాము. నీళ్ళు చాలా వెనక్కి పోయి ఉన్నాయి. పగుళ్ళువారిన ఒండ్రుమట్టి మీద నడుచుకుంటూ పోతే కూలిన గోడలు కనిపించాయి. ఒక ఇంటి వాకిలి, దాని పక్కన పూడిపోయిన బావి ఒర. మోడువారిన తుమ్మచెట్టు ఒకటి గోడకు ఆనుకుని ఉంది. దాని కొమ్మలనుంచి గోడ రాళ్ళ దాకా నైలాను వలలు చుట్టుకుని, ఎండకు తెల్లబడి, వేలాడుతున్నాయి. అబ్బాయి వాటిలో చేయి దూర్చాడు. తీసుకోవడానికి రెండో చేయి కావలసి వచ్చింది. పక్కన మరొక వల, దాని కింద ఇంకొకటి. అతను ఒక్కొక్కటీ లెక్కపెడుతూ గోడ చుట్టూ తిరిగి వచ్చాడు.

“ఎన్ని?” అన్నాను.

“పదకొండు, మామూ.”